బోర్డు లేని కొట్టు, అట్ట లేని పుస్తకం

విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఆటో దిగి మూడు లాంతర్ల వైపు నడుస్తూ ఉంటే ఎడమ చేతి పక్క ఒక సందు వస్తుంది. ఎదురుగా స్కూటర్ వస్తే మనిషి గోడకి అతుక్కోవాల్సినంత సందు. అందులో మూడో షట్టరు. బోర్డు లేదు. బయట ఇంటర్ గైడ్లు, గ్రూప్స్ మెటీరియల్ దొంతర్లుగా పేర్చి, పైన నీలం టార్పాలిన్ కట్టి ఉంటే అదే కొట్టు. దొరక్కపోతే "పాత పుస్తకాలు తూచి అమ్మే ఆయన" అని అడగండి, చూపిస్తారు.

నిజంగా తూచే అమ్ముతాడు. తెలుగు నవలలు విడిగా ఇరవై, ముప్పై రూపాయలు. లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు మాత్రం కిలో రెండు వందలు. కూరగాయల కొట్టులో ఉండే కాటానే. నెల లోపల తిరిగి తెచ్చిస్తే సగం డబ్బులు వెనక్కి ఇస్తాడు. ఈ సగం లెక్క కోసమే రెండేళ్లుగా వెళ్తున్నాను. పెన్షన్‌లో పుస్తకాలకని నేను తీసి పెట్టుకునేది నెలకి మూడు వందలు, అందులోనే సరిపోతోంది.

నేను ముప్పై మూడేళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. అందులో పదకొండేళ్లు లేబర్ రూంలోనే గడిచాయి. ట్రైనింగ్ విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలో, అదే కేజీహెచ్‌లో. ఇచ్ఛాపురం నుంచి సాలూరు దాకా మా వైపు ఎవరికి పెద్ద జబ్బు చేసినా అందరూ అనేది "కేజీహెచ్‌కి తీసుకెళ్లిపోండి" అనే కదా. ఆ పేరులో ఉన్న కింగ్ జార్జి ఎవరు, ఏమిటి అని హాస్టల్లో ఉన్నన్నాళ్లూ ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ రాజు ఎలా చచ్చిపోయాడో ఈ కొట్టు పుణ్యమా అని అరవై నాలుగో ఏట తెలిసింది. అది కూడా సగమే తెలిసింది. ఆ గొడవ తర్వాత చెప్తాను.

మే నెలలో ఒకరోజు వెళ్లాను. లోపల ఉక్క. కొట్టాయన టేబుల్ ఫ్యాను ఎత్తుగా ఉండాలని దాని కింద ఒక లావు పుస్తకం పెట్టుకున్నాడు. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, వెన్ను మీద బట్ట మాత్రం వేలాడుతోంది. ఫ్యాను గాలికి పేజీ లేస్తే ఒక వాక్యం కనబడింది: రాజుగారి మూత్రం రంగు గురించి. నాకు ఇంకేం కావాలి?

"అది అమ్మకానికి కాదు సిస్టరమ్మా, ఫ్యానుకి" అన్నాడు.

"ఫ్యానుకి కెమిస్ట్రీ గైడు పెట్టుకో బాబూ, సరిగ్గా అంతే ఎత్తు ఉంటుంది" అన్నాను.

తూచాడు. కిలో మూడు వందల గ్రాములు. రెండు వందల అరవై అన్నాడు. అట్ట కూడా లేదు, తగ్గించు అన్నాను. "అట్ట ఉంటే ఇంకా తూగేదమ్మా, లేకపోవడం మీకే లాభం" అన్నాడు. నవ్వొచ్చి బేరం మర్చిపోయాను. తనే రెండు వందల నలభై తీసుకున్నాడు.

ఊళ్లో ఎవరో పెద్ద డాక్టరుగారు పోయాక పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తూ ఆటో నిండా పుస్తకాలు వేసి పంపించారట. ఇది అందులోదే. మార్జిన్లలో పెన్సిలు గీతలు, మందుల చీటీ మీద రాసినట్టు ఉండే రాత. రాసినవాళ్లెవరో, పుస్తకం పేరేమిటో తెలీదు. ఇంగ్లండు రాజుల కథ, ట్యూడర్ వంశం దగ్గర మొదలై ఆరో జార్జి దాకా వస్తుంది. యుద్ధాలూ చట్టాలూ రెండు ముక్కల్లో తేల్చేసి, మిగతా అంతా రాజుల పడగ్గదులు, పెళ్లిళ్లు, పురుళ్లు, జబ్బులు. చరిత్ర పాఠాల్లో నాకెప్పుడూ అత్తెసరు మార్కులే. ఇది మాత్రం కేస్ షీట్ల కట్ట తిప్పినట్టు తిప్పుకుంటూ పోయాను.

ఎనిమిదో హెన్రీ అనగానే ఆరుగురు భార్యలనే అంటారు. నా కళ్లు మాత్రం ఆయన కాలి మీదే. ఎప్పటినుంచో కాలికి పుండు. 1536 జనవరిలో ఈటెల పోటీలో గుర్రం మీంచి ఘోరంగా పడ్డాడు. ఆ తర్వాత పుండు మరీ ముదిరింది, 1547లో చచ్చిపోయేదాకా మానలేదు. పైకి మూసుకుంటే జ్వరం, పగిలితే ఉపశమనం. ఇలాంటి కాళ్లకి కట్లు కట్టిన ఎవరికైనా ఆ గది వాసన పుస్తకంలోంచే తెలిసిపోతుంది. చివరి రోజుల కవచాలు చూస్తే నడుము యాభై అంగుళాలు దాటింది. కుర్చీలో మోసుకెళ్లేవారు. ఇంకో ముచ్చట, రాజుగారిని దొడ్డికి కూర్చోబెట్టే పనికి ఒక పెద్ద ఉద్యోగం ఉండేది. దానికోసం గొప్పింటివాళ్లు పోటీపడేవారు, రాజు సొంత డబ్బు సంచీ కూడా ఆ మనిషి చేతిలోనే. హెన్రీ నోరిస్ అనే ఆయన ఆ ఉద్యోగం చేసి, హెన్రీ రెండో భార్య ఆన్ బోలిన్‌తో సంబంధం అంటగట్టబడి 1536 మేలో తల పోగొట్టుకున్నాడు. బెడ్‌పాన్ ఎత్తే ఆయమ్మలకి మనం ఇచ్చే జీతం గుర్తొచ్చి ఆ పేజీ దగ్గర కాసేపు ఆగాను.

రెండో ఛార్లెస్ చావు చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. 1685 ఫిబ్రవరి 2, పొద్దున్న గెడ్డం గీయించుకోబోతుంటే ఫిట్స్ వచ్చాయి. అక్కడే చెయ్యి కోసి పదహారు ఔన్సుల నెత్తురు తీశారు. ఇప్పుడు రక్తదానం శిబిరంలో పెద్ద బ్యాగుకి తీసేంత. అదీ ఫిట్స్ వచ్చిన మనిషికి. చాలదని భుజాల దగ్గర గాట్లు పెట్టి ఇంకో ఎనిమిది ఔన్సులు. వాంతి మందు, విరేచనాల మందు, ఎనిమా మీద ఎనిమా. తల గొరిగి బొబ్బలు లేపే పురుగుల పొడి. అరికాళ్లకి పావురాల రెట్ట కలిపిన పట్టీ. మనిషి పుర్రె నుంచి తీసిన అర్కు చుక్కలు. డజను మందికి పైగా వైద్యులు మంచం చుట్టూ, ఒక్కొక్కరూ తన వంతు ఏదో ఒకటి చేస్తేనే మాట దక్కుతుందన్నట్టు. నాలుగు రోజులు తట్టుకుని ఆరో తారీఖున పోయాడు. యాభై నాలుగేళ్లు. ఊళ్లో పేదవాడికి అదే జబ్బు వచ్చి ఉంటే ఇంట్లోవాళ్లు ఓ మూల పడుకోబెట్టి నీళ్లు తాగించేవారు, వాడే నయం. డాక్టరుగారు ఆ పేజీ మార్జిన్లో పెన్సిలుతో ఒక్క మాట రాశారు: "హంతకులు". గట్టిగా నొక్కి రాశారు, వెనక పేజీలో కూడా వేలికి తగులుతుంది.

ఇదే ఛార్లెస్ బతికున్నప్పుడు వేలాదిమంది రోగుల మెడ తాకి జబ్బు నయం చేసేవాడట. ఆ జబ్బు గండమాల. మెడ దగ్గర గడ్డలు లేచి చీము కారుతుంది. రాజు చెయ్యి తగిలితే పోతుందని నమ్మకం. ఆన్ రాణి దాకా సాగింది. నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్‌ని కూడా పసివాడుగా ఉన్నప్పుడు 1712లో తల్లి తీసుకెళ్లి ఆ రాణి చేత తాకించింది. తగ్గలేదు. తర్వాత వచ్చిన మొదటి జార్జి ఈ తాకుడు పని మానేశాడు. గండమాల అంటే చాలా వరకు టీబీయే. నేను ఆరు నెలల మందుల అట్టలు చేతిలో పెట్టి, "మధ్యలో మానేశావంటే చూడు" అని బెదిరించి తగ్గించిన మెడలు ఎన్నో. నా చెయ్యి కూడా తగిలింది మరి, కానీ పని చేసింది మందే.

ఆన్ రాణి అధ్యాయం లేబర్ రూంలో పనిచేసినవాళ్లు తప్పకుండా చదవాలి. పదిహేడుసార్లు గర్భం. పదిహేడు! మా రిజిస్టరులో రాస్తే జి 17, లివింగ్ 0. అంటే గర్భాలు పదిహేడు, బతికున్న పిల్లలు సున్నా. చాలా వరకు పోయి పుట్టినవీ, కడుపులోనే జారిపోయినవీ. ఇద్దరు చిన్న ఆడపిల్లలు 1687లో మశూచితో కొద్ది రోజుల తేడాలో పోయారు. బట్టకట్టిన ఒక్క కొడుకు విలియం, వాడూ పదకొండో పుట్టినరోజు అయిన ఆరు రోజులకి 1700 జులైలో పోయాడు. ఆవిడకి అప్పటికే కీళ్ల వాతం, 1702లో పట్టాభిషేకానికి కూడా నడవలేక కుర్చీలో మోయించుకుని వెళ్లింది. కారణం ఫలానా అని ఇవాళ ఎవరూ గట్టిగా చెప్పలేరు. రక్తం గడ్డకట్టే తత్వం వల్ల కావచ్చని కొందరు డాక్టర్ల ఊహ. నా సర్వీసులో జి 9 చూశాను. మెంటాడ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, ఈసారి కూడా చేతులు ఖాళీ. పేరు అడిగితే చెప్పడం మానేసి "రాసుకోండమ్మా, పాత చీటీలోనే ఉంది" అంది. రాజ్యం ఉన్న మనిషి గురించి చదువుతుంటే నాకు ఆ పిల్ల గొంతు వినబడింది.

ఆ పదకొండేళ్ల కుర్రాడు పోవడం వల్లే 1701లో వారసత్వ చట్టం చేసి జర్మనీలోని హనోవర్ బంధువులకి గద్దె రాసిచ్చారు. 1714లో ఆన్ పోగానే మొదటి జార్జి అక్కడినుంచి దిగాడు, అక్కణ్నుంచి జార్జి తర్వాత జార్జి. ఆ కుర్రాడు బతికుంటే మనం విశాఖలో ఏ విలియం ఆసుపత్రికో పరిగెత్తేవాళ్లమేమో.

ఫ్యాను గాలికి కనబడ్డ మూత్రం రంగు మూడో జార్జిది. 1788లో ఆయనకి మతి చలించింది. ఆపకుండా మాట్లాడేవాడు, గొంతు పోయేదాకా. ఫ్రాన్సిస్ విల్లిస్ అనే పాదిరీ వైద్యుడు వచ్చి, మాట వినకపోతే చేతులు కట్టేసే చొక్కా తొడిగించాడు, కుర్చీకి కట్టించాడు. 1789 మొదట్లో కోలుకున్నాడు. మళ్లీ తిరగబెట్టింది. 1811 నుంచి కొడుకు రాజప్రతినిధి అయ్యాడు, తండ్రి విండ్సర్ కోటలో చూపు పోయి, చెవులు పోయి 1820 దాకా బతికాడు. మూత్రం నీలంగా, ముదురు రంగులో వచ్చిందన్న రాతలు చూసి 1966లో ఇద్దరు తల్లీకొడుకు వైద్యులు అది పోర్ఫిరియా అనే రక్తపు జబ్బు అన్నారు. నా దగ్గరున్న పుస్తకం అదే ఖాయం చేసేసింది. ఇప్పటి వైద్యులు చాలామంది ఒప్పుకోవట్లేదు, బైపోలార్ లాంటి మానసిక జబ్బే అంటున్నారు. పుస్తకం పాతది, ఇక్కడ మాత్రం నమ్మకండి. రాజుకి రక్తంలో లోపం అని చెప్పడంలో ఏదో మర్యాద ఉన్నట్టు, మతి చెదిరిందంటే పరువు తక్కువైనట్టు అనిపించింది నాకు. మన ఇళ్లలో కూడా "నరాల బలహీనత" అనే కదా చెప్పుకుంటాం.

ఇక్కడ కొట్టు సంగతి కొంచెం. లోపల దుమ్ము భయంకరం. ఆస్తమా ఉన్నవాళ్లు మాస్కు లేకుండా వెళ్లొద్దు. చెదలు రాకుండా కలరా ఉండలు వేస్తాడు, ఆ వాసనకి పావుగంటకి తల దిమ్మెక్కుతుంది. కూర్చోడానికి ఒకే ప్లాస్టిక్ స్టూలు, దాని మీద ఎప్పుడూ పుస్తకాలే. వానాకాలం వెనక గోడ చెమ్మ పడుతుంది, ఆ అరలో పుస్తకాలు తీసే ముందు వేలితో నొక్కి చూడండి. పదిన్నరకి తీస్తానంటాడు, పదకొండున్నర అవుతుంది. పైడితల్లమ్మ సిరిమానోత్సవం వారంలో అసలు వెళ్లకండి. అమ్మవారి చదురుగుడి పక్కనే కాబట్టి ఆ జనంలో సందులోకి అడుగు పెట్టలేరు, ఆయన కూడా షట్టరు దించి మాను చూడ్డానికి పోతాడు. ఫోన్‌పే ఉంది. నిజాయితీ ఉంది. ఒకసారి నేను కొన్న నవల్లో వంద నోటు దొరికిందని చెప్తే "మీకు దొరికింది మీదేనమ్మా" అన్నాడు.

విక్టోరియా దగ్గరికి వద్దాం, ఎందుకంటే పుస్తకంలో నాకు బాగా నచ్చిన భాగం అదే. తొమ్మిది కాన్పులు. ఎనిమిదోది 1853 ఏప్రిల్ 7న, లియోపోల్డు పుట్టినప్పుడు, జాన్ స్నో అనే డాక్టరు రుమాలు మీద క్లోరోఫాం మత్తుమందు చుక్కలు వేసి నొప్పి వచ్చినప్పుడల్లా వాసన చూపించాడు. యాభై మూడు నిమిషాలు. నొప్పులు దేవుడు ఆడదానికి రాసిపెట్టినవి, తగ్గించకూడదని వాదించే పెద్దమనుషులు అప్పుడు బోలెడుమంది. రాణే తీసుకుందని తెలిశాక నోళ్లు మూతబడ్డాయి. మా లేబర్ రూంలో మాత్రం 'ఓర్చుకో తల్లీ' అనేదే మత్తుమందు. ఆ రోజు పుట్టిన లియోపోల్డుకే నెత్తురు గడ్డకట్టని జబ్బు, హీమోఫీలియా. ముప్పై ఏళ్లకి జారిపడి ఆ దెబ్బకే పోయాడు. విక్టోరియా కూతుళ్ల ద్వారా అది రష్యా చక్రవర్తి (జార్) కొడుకు అలెక్సీ దాకా వెళ్లింది. అలెక్సీ వాళ్ల ఎముకలు పరీక్షించి, అది హీమోఫీలియా బి రకం అని 2009లో తేల్చారు.

అసలు సంగతి ఇంకా ముందుంది. జేమ్స్ రీడ్ అనే డాక్టరు ఇరవై ఏళ్లు విక్టోరియాకి సొంత వైద్యుడు. రోజూ కనబడేవాడు, అజీర్ణం, నిద్రలేమి, కాళ్ల నొప్పులు అన్నీ విని మందు ఇచ్చేవాడు. ఆవిణ్ని మంచం మీద పడుకుని ఉండగా చూసింది మాత్రం 1901 జనవరిలో, ఆఖరి రోజుల్లోనే. పోయాక ఒళ్లు చూస్తే తెలిసింది, ఆవిడకి గర్భసంచి జారిపోయి ఉందని, పొట్టకి హెర్నియా కూడా ఉందని. ఎన్నేళ్లుగానో. అన్ని దేశాలు ఏలే మనిషి, పక్కనే డాక్టరు, ఒక్క ముక్క చెప్పలేదు.

దీన్ని నేను గొప్పింటి వింత అనుకోలేదు. కొమరాడ వైపు ఊళ్లలో క్యాంపులకి వెళ్లినప్పుడు నడుం నొప్పి అని వచ్చే ముసలమ్మలు ఎంతమందో. నడుం నొప్పి కాదు. మగ డాక్టరు టేబుల్ దగ్గర నడుం నొప్పే, నేను తెర వెనక్కి తీసుకెళ్లి తలుపు మూశాక అసలు మాట బయటికి వచ్చేది. ఒకావిడ పదిహేనేళ్లుగా గుడ్డ చుట్ట పెట్టి నెట్టుకొస్తోంది. "ఇదొక జబ్బా అమ్మా, పిల్లల్ని కన్నాక అందరికీ ఉండేదే కదా" అంది. విక్టోరియాకి ఆ తెర వెనకాల మాట్లాడే మనిషి కూడా లేకపోయింది. ఇంకొకటి, పెట్టెలో తన పక్కన ఏమేం పెట్టాలో రాసిచ్చి పోయింది. భర్త ఆల్బర్టు గౌను సరే. పనివాడు జాన్ బ్రౌన్ ఫోటో, అతని జుత్తు పాయ కూడా చేతిలో పెట్టాలని రీడ్‌కి చెప్పింది. పిల్లల కంట పడకుండా పూలు కప్పి పెట్టాడు ఆయన. రోగి రహస్యం దాచడం అంటే అదీ. నాకు ఆ డాక్టరు మీద గౌరవం పుట్టింది, పరీక్ష చెయ్యలేదన్న కోపం అలాగే ఉంది.

ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం 1902 జూన్ 26న అని దేశదేశాల అతిథులు దిగాక, రెండు రోజుల ముందు అపెండిక్స్ దగ్గర చీముగడ్డ. రాజు ఒప్పుకోకపోతే ట్రీవ్స్ అనే సర్జన్, అలా అయితే శవంగా వెళ్తారని మొహం మీదే చెప్పాడంటారు. రాజభవనంలోనే కోసి చీము తీశారు, ఆగస్టు 9న కిరీటం పెట్టుకున్నాడు. రోజుకి డజను చుట్టలు, ఇరవై సిగరెట్లు తాగే మనిషి, 1910లో పోయాడు. ఈయన గురించి ఇంతే చాలు.

తర్వాత ఐదో జార్జి. 1923లో కేజీహెచ్ తెరిచినప్పుడు గద్దె మీద ఉన్నది ఈయనే. మన రాజు అన్నట్టు ఆత్రంగా చదివాను. 1928లో ఊపిరితిత్తుల దగ్గర చీము పట్టి చావు దాకా వెళ్లి వచ్చాడు. 1936 జనవరి 20, సాండ్రింగ్‌హాం. రాత్రి తొమ్మిదిన్నర వేళ డాక్టరు డాసన్ బులెటిన్ రాశాడు: రాజుగారి జీవితం ప్రశాంతంగా ముగింపు వైపు సాగుతోంది అని. అది 304వ పేజీ చివర. తిప్పాను. 321. సింప్సన్ అనే విడాకుల ఆవిడ కోసం ఎనిమిదో ఎడ్వర్డ్ గద్దె దిగిపోవడం. మధ్యలో పదహారు పేజీలు లేవు, కలిపి కుట్టే ఫారం ఒకటి మొత్తం ఊడిపోయింది.

పొద్దున్నే పదిన్నరకి వెళ్లి గంట నిలబడ్డాను. షట్టరు లేవగానే చూపించాను.

"పాత పుస్తకం అన్నాక అలాగే ఉంటుందమ్మా."

"సరిగ్గా చచ్చిపోయే చోట పోయింది బాబూ."

"చచ్చిపోయాడా లేదా అనే కదమ్మా మీ బాధ? చచ్చిపోయే ఉంటాడు, 1936 అంటున్నారు కదా."

కుర్రాణ్ని పిలిచి కట్టలన్నీ విప్పించాడు. అరగంట వెతికాడు పాపం. ఒక పంచాంగం, భాగవతంలోవి రెండు పేజీలు దొరికాయి. డబ్బులు మొత్తం వెనక్కి ఇస్తానన్నాడు. ఈ కొట్టుకి నేను వేసే మూడున్నర మార్కుల్లో ఒక మార్కు ఆ మాటకే. నేను తీసుకోలేదు. అమ్మేటప్పుడు ఫారాలు లెక్క చూడకపోవడం ఆయన తప్పు, కొనేటప్పుడు చూడకపోవడం నా తప్పు.

మిగతాది మా మేనకోడలి కూతురు ఫోన్‌లో వెతికి చదివి వినిపించింది. డాసన్ స్వయంగా రాసుకున్న కాగితాలు 1986లో బయటపడ్డాయట. రాత్రి పదకొండు ప్రాంతంలో రాజు స్పృహ లేకుండా ఉన్నాడు. డాసన్ మార్ఫిన్ ముప్పావు గ్రెయిను, కాసేపటికి కొకెయిన్ ఒక గ్రెయిను మెడ నరంలోకి ఎక్కించాడు. పదకొండు యాభై ఐదుకి ప్రాణం పోయింది. గౌరవంగా పోవాలనీ, నొప్పి ఉండకూడదనీ రాసుకున్నాడు సరే. ఇంకో కారణం కూడా రాసుకున్నాడు. చావు వార్త మొదట పొద్దున్న వచ్చే టైమ్స్‌లో రావాలి, సాయంత్రం వచ్చే చిల్లర పత్రికల్లో కాదు. లండన్‌లో ఉన్న భార్యకి ఫోన్ చేయించి పత్రికవాళ్లని ఆగమని చెప్పించాడు.

ముప్పావు గ్రెయిను అంటే మన లెక్కలో దగ్గర దగ్గర యాభై మిల్లీగ్రాములు. మేం నరంలోకి ఇచ్చేటప్పుడు రెండో మూడో మిల్లీగ్రాములు ఎక్కించి, ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాం. ఆ అంకె వినగానే నా చేతులు చల్లబడ్డాయి.

కానీ నన్ను పట్టుకున్నది ఇంకో మాట. సూది నేనే ఇచ్చాను అని రాసి, ఎందుకో కూడా రాశాడు డాసన్: సిస్టర్ బి. ఈ పనికి కలవరపడుతున్నట్టు స్పష్టంగా కనబడింది కాబట్టి. ఆ సిస్టర్ కేథరిన్ బ్లాక్, 1928 జబ్బు నాటి నుంచి రాజుని చూసుకుంటున్న నర్సు. ఆవిడ ఏమీ అనలేదు. మొహంలో కనబడింది, అంతే.

ఆ మొహం నాకు తెలుసు. ఏ ఊరు, ఏ ఆసుపత్రి అనేది వదిలేయండి, ఒక రాత్రి నా చేతికి సిరంజి ఇచ్చి "ఇచ్చెయ్ సిస్టర్" అన్నారు. డోసు ఎక్కువగా ఉంది. "కేస్ షీట్‌లో రాయండి సార్, ఇస్తాను" అన్నాను. రాయలేదు, ఆయనే ఇచ్చుకోలేదు కూడా. తిట్టి వెళ్లిపోయారు. రోగి ఇంకో ఐదు రోజులు ఉన్నాడు, కొడుకు దుబాయి నుంచి వచ్చి చూసుకున్నాడు. నేను చేసింది పెద్ద ధైర్యమేం కాదు, భయం. సిస్టర్ బ్లాక్‌ది కూడా అదే అయ్యుంటుంది.

పుస్తకంలో చివరిది ఆరో జార్జి. 1951 సెప్టెంబరు 23న ఎడమ ఊపిరితిత్తి తీసేశారు. క్యాన్సర్. ప్రజలకిచ్చిన బులెటిన్‌లో ఊపిరితిత్తి నిర్మాణంలో మార్పులు అని రాశారు, ఆయనకి కూడా ఆ పేరు చెప్పలేదు. 1952 ఫిబ్రవరి 6 తెల్లవారేసరికి నిద్రలోనే గుండె ఆగి పోయాడు. "మా నాన్నకి మాత్రం చెప్పకండి సిస్టర్, అల్సర్ అని చెప్పాం" అని వార్డు గుమ్మంలో చేతులు పట్టుకున్న కొడుకులు ఎంతమందో, ఆ నాన్నలు లోపల నన్ను పిలిచి "క్యాన్సరే కదమ్మా, మావాడికి చెప్పకండి, తట్టుకోలేడు" అన్నవాళ్లు ఎంతమందో. ఇప్పటి ఛార్లెస్ 2024లో క్యాన్సర్ అని తనే ప్రకటించాడు, ఏ రకమో మాత్రం చెప్పలేదు. కొట్టాయనకి ఈ సంగతి చెప్తే "అంతవరకే చాలమ్మా, మిగతాది ఎవరిక్కావాలి" అన్నాడు.

పుస్తకం వెనక రెండు ఖాళీ కాగితాలు ఉన్నాయి. ఆ డాక్టరుగారి లాగే పెన్సిలు తీసుకుని, మేం డ్యూటీ మారేటప్పుడు రాసే నైట్ రిపోర్టు పద్ధతిలో ఆ రాత్రిది రాశాను. తారీఖు, టైము, ఏ మందు, ఎంత, ఎవరిచ్చారు, పక్కన ఎవరున్నారు. 304వ పేజీ దగ్గర "వెనక చూడండి" అని చిన్న చీటీ అతికించాను. పోర్ఫిరియా దగ్గర కూడా ఒక ప్రశ్న గుర్తు పెట్టాను.

నెల గడువు వచ్చే గురువారంతో అయిపోతుంది. తిరిగి ఇచ్చేస్తే నూట ఇరవై వస్తుంది, దాంతో కిటికీ పక్క అరలో నేను చూసి పెట్టుకున్న వంటల పుస్తకం తీసుకోవాలి. రాజుల పుస్తకం కావలసినవాళ్లు శుక్రవారం తర్వాత వెళ్లండి. అరల్లో కనబడకపోతే ఫ్యాను కింద చూడండి.